నేను కనిపెట్టిన ఫ్రెంచి మర్యాద

కామారెడ్డి హైస్కూల్లో ఫ్రెంచి నేర్పినంత కాలం, నాకు ఫ్రెంచి రాదన్న సంగతి నేను ఎవరితోనూ అనలేదు. అడిగితే చెప్పేవాణ్నేమో. ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ముక్క నోట్లో దాచుకున్నందుకు ఒక పిల్లవాడి బతుకు ఎట్లా బోర్లాపడిందో ఇప్పుడు చెబుతాను. చదువుతూ మీరు నవ్వుతారు. నవ్వండి, కొన్నిచోట్ల నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను. చివరికి వచ్చేసరికి నన్ను తిట్టాలనిపిస్తే మాత్రం మొహమాటపడకండి.

నిజాంసాగర్ కాలువల కింద యంత్రాలేవో బిగించే పని మీద ఒక ఫ్రెంచి ఇంజినీరు దొర మా వైపు వచ్చాడు. ఆయన భార్యకు పిల్లల్లేరు. ఈ ప్రాంతపు కుర్రవాణ్ని ఒకణ్ని ఎంచుకుని, పుదుచ్చేరి పంపి పెద్ద చదువు చదివిస్తానని మా హెడ్మాస్టరు సాబుకు కబురు చేసింది. ఒకటే షరతు, పిల్లవాడికి ముందుగా కాస్త ఫ్రెంచి వచ్చి ఉండాలి. ఏడాది తర్వాత తానే వచ్చి పరీక్ష చేసుకుంటుంది.

హెడ్మాస్టరు సాబు ముదర్రిసులను, అంటే మా సార్లందరినీ పిలిచి, "మీలో ఫ్రెంచి ఎవరికి వచ్చు?" అని ఉర్దూలో అడిగారు. నా చెయ్యి పైకి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది.

నా ఫ్రెంచి చరిత్ర వినండి. ఒకప్పుడు యానాంలో మా బావ దగ్గర కొంతకాలం ఉన్నాను. యానాం ఫ్రెంచివాళ్ల ఊరే. కానీ అక్కడ మా బావ నాతో తెలుగే మాట్లాడాడు, చేపలామె తెలుగే మాట్లాడింది, వీధికుక్క కూడా నన్ను చూసి తెలుగులోనే మొరిగింది. నేను ఫ్రెంచి విన్నదల్లా కచేరీ కిటికీ బయట నిలబడినప్పుడే. ఆ కిటికీ చదువుకు తోడు ముందు పేజీలూ వెనక పేజీలూ ఊడిపోయిన పిల్లల వాచకం ఒకటి నా పెట్టెలో ఉండేది. ఇంత సరుకుతో దుకాణం తెరిచాను.

మొదటి నెల బ్రహ్మాండంగా నడిచింది. "బోంజూర్" అంటే నమస్కారం, "మెర్సి" అంటే ధన్యవాదం. ఫ్రెంచివాళ్ల రకారం గొంతు లోపలి నుంచి రావాలని చెప్పాను. పిల్లలు తరగతంతా ఒక్కసారి గొంతు పెగిలిస్తే, తెల్లవారుజామున బావి దగ్గర ఊరంతా నోరు పుక్కిలిస్తున్నట్టుండేది. పక్క గదిలో లెక్కల సారు తలుపు మూసుకున్నాడు.

ఆ పిల్లల్లో సాయిలు అని ఒకడు. ఎల్లారెడ్డి దగ్గర కూరగాయలు పండించుకునే గంగారాం కొడుకు. కామారెడ్డిలో మేనత్త ఇంట్లో ఉండి చదివేవాడు. చెప్పినది మర్చిపోయేవాడు కాదు, చెప్పనిది అడక్కుండా ఊరుకునేవాడు కాదు. నాబోటి సారుకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

"సారూ, కిటికీని ఏమంటరు?" అన్నాడొకనాడు.

ఏమంటారో వాచకంలో ఉంది. వాచకం ఇంట్లో ఉంది. నేను పైకప్పు వైపు చూశాను. దడదడలాడుతున్న గుండె మీద చెయ్యి వేసుకున్నాను. గొంతు సవరించుకున్నాను. చింతపండు బస్తాలో ఉంగరం వెతికినట్టు బుర్రంతా దేవి చివరికి "ఫెనెత్ర్" అని పైకి తీశాను.

"గింతసేపు ఎందుకాగిండ్రు సారూ?"

నిజాయితీగల మనిషైతే "మర్చిపోయిన్రా" అంటాడు. నేనేమన్నానో చూడండి.

"అది ఫ్రెంచి మర్యాద రా! పెద్దోళ్లు అడగంగనే టక్కున జవాబు చెప్పుడు ఆ దేశంల మోటుతనం. చెయ్యి గుండె మీద పెట్టుకోవాలె, మీదికి చూడాలె, గొంతు సవరించుకోవాలె, నిమ్మలంగ చెప్పాలె. ఎంతసేపు ఆగితె అంత గౌరవం."

అక్కడితో పోయేదే. కానీ ఆ సమయంలో వరండాలో హెడ్మాస్టరు సాబు వెళ్తున్నారు. ఆయన మెడదాకా గుండీలు పెట్టుకున్న షేర్వానీలో పుట్టారా అనిపించే మనిషి. ముందు మీరంటే ముందు మీరని ఇద్దరు పెద్దమనుషులు డబ్బా తలుపు దగ్గర నిలబడి రైలు పోగొట్టుకునే హైదరాబాదు మర్యాదలో పెరిగినవారు. ఆగి, కళ్లు మూసుకుని, "వాహ్! క్యా తహజీబ్ హై!" అన్నారు. "మాస్టర్ సాబ్, భాష తర్వాతైనా వస్తుంది. ముందు పిల్లలకు ఈ తహజీబ్, ఈ మర్యాద నేర్పండి" అని ఆజ్ఞ.

మళ్లీ వారం స్వయంగా వచ్చి నన్నే పరీక్షించారు. "సిరాబుడ్డిని ఏమంటారు?" నా వాచకంలో సిరాబుడ్డి పేజీ ఊడిపోయింది. పైకప్పు చూశాను. ఆయన మళ్లీ అడిగారు. ఇప్పుడేం చేయాలి?

"హుజూర్, పెద్దలు రెండోసారి అడగడమంటే మనకు మరింత గౌరవం ఇచ్చినట్టు. కనుక మౌనం మళ్లీ మొదటి నుంచి పట్టాలి" అని చెప్పి మళ్లీ మొదటి నుంచి పట్టాను. ఈలోగా గంట కొట్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. నాకూ తిరిగాయి, వేరే కారణంతో.

ఆ రోజు నుంచి మా తరగతి చూడవలసిందే. ప్రశ్న అడిగితే పిల్లలందరూ గుండె మీద చెయ్యేసుకుని దూలాలు చూసేవారు. పాఠం చెప్పే బాధ నాకు సగం తగ్గింది. అందరికన్నా శ్రద్ధగా, అందరికన్నా ఎక్కువసేపు ఆగేది సాయిలే.

దసరా సెలవులైపోగానే గంగారాం ఎల్లారెడ్డి నుంచి బండి కట్టుకుని బడికి వచ్చాడు. భుజం మీది తువ్వాల తీయకుండానే అందుకున్నాడు.

"ఏం సారూ, మా పోరనికి ఏం నేర్పుతున్నవ్?"

"ఏమైంది గంగారాం?"

"వాళ్లవ్వ రొట్టె ఇంకోటి పెట్టాల్నా బిడ్డా అనడిగితె, గుండె మీద చెయ్యి పెట్టి వాసాల దిక్కు చూస్తడు. మళ్ల అడిగితె మళ్ల షురూ జేస్తడు. వద్దేమో అనుకోని అవ్వ గంప మూత పెడ్తది. సెలవులన్ని సగం కడుపే! దయ్యం వట్టిందని నేను తాయెత్తు గట్టించిన."

"దయ్యం కాదు, అది చదువు."

"కడుపుకు లేకుంట చేసేది ఏం చదువు సారూ?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. "పుదుచ్చేరి పోతడు గంగారాం, పెద్దగైతడు" అన్నాను. ఆ మనిషి కోపమంతా ఆ ఒక్క మాటతో చల్లారింది. "గంత దూరమా? పోనీ తియ్ సారూ, మా ఇంట్ల అక్షరం ముక్కొచ్చినోడు వాడొక్కడే. వాడన్న మట్టిల నుంచి బయట వడని" అని, బండిలోంచి సొరకాయలు దించి పోయాడు. ఆ సొరకాయలు కూడా నేను తిన్నాను.

ఏడాది తిరిగింది. దొరసాని మోటారు వచ్చింది. తెల్లటి గౌను, గడ్డి టోపీ, చల్లని ముఖం. హెడ్మాస్టరు సాబు ఆమెను తన గదిలో కూర్చోబెట్టి, చాయ్ సంగతి చూడటానికి తానే బయటికి వెళ్లారు. గదిలో ఆమె, నేను, గోడ వెంట పిల్లలు.

మొదట వకీలు గారి వాసు. వాడు ఏడాదంతా బడికన్నా చెరువుగట్టున ఎక్కువ ఉన్నాడు. భాషా నేర్వలేదు, అదృష్టవంతుడు, మర్యాదా నేర్వలేదు. ఆమె నోరు విప్పిందో లేదో, "బోంజూర్! మెర్సి! వాసు!" అని అరిచాడు. ఆమె ఫక్కున నవ్వి, వాడి బుగ్గ తట్టింది.

తర్వాత సాయిలు.

"కొమాన్ తు తాపెల్?" అంది ఆమె. నీ పేరేమిటని. ఆ ప్రశ్నకు సాయిలు నిద్రలో కూడా జవాబు చెప్పగలడు.

సాయిలు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు.

ఆమె వేచి చూసింది. తను కూడా పైకప్పు వైపు చూసింది, అక్కడేమైనా బల్లి ఉందేమోనని. ఏమీ లేదు. మళ్లీ అడిగింది.

రెండోసారి! సాయిలు ముఖం వెలిగిపోయింది. అప్పటికి గొంతు సవరించుకుని జవాబు పెదవుల మీదికి తెచ్చుకున్నవాడు, దాన్ని మళ్లీ లోపలికి మింగి, మొదటి నుంచి మౌనం పట్టాడు.

ఆమె ప్రశ్న మార్చింది. పుస్తకం చూపించింది, కిటికీ చూపించింది. ప్రతిదానికీ సాయిలు పెళ్లిపీటల మీది పెళ్లికొడుకులా వంగి, చెయ్యి గుండెకు చేర్చి, మౌనం. 'చెప్పురా, నోరు తెరువురా' అని కళ్లతో మొత్తుకున్నాను. వాడు నా కళ్లు చూడలేదు. నేను చెప్పిన చోటే చూస్తున్నాడు.

ఆమె నా వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో అంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నేనూ పైకప్పు వైపు చూశాను, అది కూలిపోవాలని దేవుణ్ని వేడుకుంటూ. కూలలేదు. ఆమె విసుగు దాచుకుని వచ్చీరాని ఉర్దూలో మెల్లగా అడిగింది. "ఈ పిల్లవాడికి తెలివి తక్కువా?"

నేను చేయాల్సింది ఎంత చిన్న పనో చూడండి. "లేదు మేమ్ సాబ్. నేను నేర్పిన తప్పు ఇది. ఇంకొక్కసారి అడగండి" అంటే సరిపోయేది. అంటే నా ఉద్యోగం పోయేది.

"జీ మేమ్ సాబ్" అన్నాను. "బుద్ధి కాస్త మందం."

సాయిలుకు ఉర్దూ నాకన్నా బాగా వచ్చు.

దొరసాని వాసు పేరు రాసుకుని మోటారెక్కి వెళ్లిపోయింది. సాయిలు వరండాలో నా కోసం నిలబడి ఉన్నాడు. కోపంగా ఉన్నాడేమో, నాలుగు మాటలంటాడేమో అనుకున్నాను. అంటే బాగుండేది.

"సారూ," అన్నాడు, "నేను ఇంకా జర సేపు ఆగాల్సి ఉండెనా?"

పాఠకులారా, ఇక్కడ నవ్వినవాళ్లను నేనేమీ అనను. ఇప్పుడు నా జవాబు వినండి.

"అవురా. జర తొందరపడ్డవు."

మరుసటి వారం, నేను దొరసానితో అన్న మాట పిల్లల నోట విని, గంగారాం వచ్చి కొడుకును ఇంటికి తీసుకుపోయాడు. వకీలు గారి వాసు పుదుచ్చేరిలో తిండి సరిపడక, అమ్మ మీద బెంగపెట్టుకుని, మామిడికాయల కాలానికల్లా తిరిగొచ్చాడు. దొరసాని దేశం వెళ్లిపోయింది. నా వాచకం చెదలు తిన్నాయి. ఆ ఏడాది చదువుతో బాగుపడ్డవి చెదలు మాత్రమే.

ఏళ్లు గడిచాయి. నా తల నెరిసింది. మొన్న నన్ను ఎల్లారెడ్డి బడికి బదిలీ చేశారు. మొదటి వారపు అంగడినాడే చూశాను, గోనె పరుచుకుని కూరగాయలమ్ముతున్న సాయిలును. పక్కన ముసలివాడైన గంగారాం. క్షమాపణ చెప్పుకుందామని ఎదుట నిలబడ్డాను. వంకాయల ధర అడిగాను. వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. మరుసటి అంగడికీ అంతే. ఆ మరుసటి అంగడికీ అంతే.

"మీకేమన్న వంకాయల పిచ్చి లేసిందా?" అంది మా ఇంటామె. "తినలేక చస్తున్నం. ఆవు సుత ముట్టుతలేదు."

పోయిన అంగడినాడు మళ్లీ వెళ్లాను. సాయిలు తక్కెడ అందుకోబోతే గంగారాం లాక్కున్నాడు.

"ఇటు తే రా. మావోనికి బుద్ధి జర మందం సారూ, నేను జోకుత. నువ్వే అన్నవు గద ఆనాడు."

కన్నతండ్రి. ఇన్నేళ్లుగా. నా మాట పట్టుకుని.

అక్కడే, వంకాయల సాక్షిగా, ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నాకు రానిది ఎవరికీ నేర్పను. ఒకవేళ నేర్పినా, నా చేతగానితనాన్ని తీసుకుపోయి ఏ దేశపు మర్యాదకూ అంటగట్టను. తర్వాత వంగి, సాయిలు చెవి దగ్గర, "తప్పు నాది సాయిలూ. నాకు ఫ్రెంచి రాకుండె. ఆ మర్యాద నేను పుట్టించిందే" అని గొణిగాను.

సాయిలు నా వైపు చాలా సూటిగా చూశాడు.

"నా చెవుల కాదు సారూ, మా బాపుకు చెప్పుండ్రి. గట్టిగ చెప్పుండ్రి, ఆయనకు ఇనరాదు."

చెప్పాను. గంగారాం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందీ? వంకాయలు పుచ్చినయా?" అన్నాడు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. "ఆఁ?" అన్నాడు. అంగడంతా బేరాలు ఆపి మా వైపు తిరిగింది. మా బడి పిల్లలున్నారు, వాళ్ల తల్లిదండ్రులున్నారు, తహసీల్దారు కచేరీ గుమస్తా ఉన్నాడు. నేను చెప్పులు విడిచి, పక్కనున్న బండి మీదికెక్కి, ఊపిరంతా కూడదీసుకుని అరిచాను:

"గంగారాం! నీ కొడుకు మందబుద్ధి కాదు! ఆ బడిల అందరికన్న తెలివిగల్లోడు వాడే! ఫ్రెంచి రానిది నాకు! నేను చెప్పిన అబద్ధం నమ్మి వాడు నోరు మూసుకున్నడు, నా నౌకరి కోసం నేను వాన్ని మందమన్న! తప్పు నాది! నన్ను మాఫ్ చెయ్యి, సాయిలూ!"