తీపి తెలిసిందా

వియన్నా టూర్‌లో మాతో వచ్చిన ఉయ్యూరు మిఠాయి కొట్టాయన, ఏ కేకు తెచ్చినా ముందు పాకం చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూసేవారు. తర్వాతే నోట్లో పెట్టుకునేవారు.

“గొంతుకు రేడియేషన్ ఇచ్చాక తీపి తెలియట్లేదండీ. కొత్త రకమేదన్నా నాలిక్కి తగులుద్దేమోనని మా ఆవిడ తీసుకొచ్చింది” అన్నారు మొదటి రోజే.

ఆఖరి రోజు ఆయన చాక్లెట్ కేకు తింటుంటే, “తెలిసిందా అండీ?” అని ఆవిడ అడిగింది. ఆయన తలూపారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క తేవడానికి వెళ్ళింది.

“మట్టి తిన్నట్టే ఉందండీ” అన్నారు నాతో మెల్లగా. “మీరు తిని ఎలా ఉందో చెప్పండి. ఆవిడ అడుగుద్ది.”

కాస్త చేదు, మధ్యలో పుల్లటి జామ్ ఉందని చెప్పాను.

ఆవిడ వచ్చాక ఆ మాటలే చెబుతూ, ఆయన రెండో ముక్క కూడా పూర్తిగా తిన్నారు.