బౌన్సక్క కోడలు సెలవడిగిన రోజు

మా లాండ్రీలో ఆవిణ్ణి అందరం బౌన్సక్క అంటాం. ఆ పేరుకి మూలం మేం కాదు, మేనేజరు.

హోటల్ సెల్లార్‌లో మా లాండ్రీ. పై అంతస్తుల్లో జనం పడుకుని లేచిన దుప్పట్లన్నీ మా దగ్గరికే దిగుతాయి. అక్కది ఇస్త్రీ రోలరు. ఆరీ ఆరని దుప్పటి అంచులు పట్టి అక్క లోపలికి ఎక్కిస్తే, అవతల నా చేతుల్లోకి వచ్చి పడుతుంది. మడత నాది. ఏళ్ల తరబడి ఒకే దుప్పటికి చెరోవైపూ నిలబడి కబుర్లాడుకున్నాం.

వాళ్లాయన చనిపోయి వారం తిరక్కుండానే అక్క పనిలోకి వచ్చేసింది. మేనేజరు పొద్దున మీటింగులో ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టి, "దీన్నే బౌన్స్‌బ్యాకబిలిటీ అంటారు" అన్నాడు. అంత పొడుగు మాటకి మాలో ఒక్కరికీ నోరు తిరగలేదు.

"అంటే ఏంటి సార్?" అన్నాను. నా నోరు ఊరుకోదుగా!

"బంతిని నేలకేసి కొడితే మళ్లీ పైకి లేస్తుంది చూడు, అలాగ. పుస్తకాల్లో రెజిలియెన్స్ అని రాస్తారు. ఇది సరదాగా వాడే మాట."

మొగుడు పోయిన మనిషి దగ్గర సరదా ఏంట్రా బాబూ అని పళ్లు కొరుక్కున్నాను. మొత్తానికి ఆ మాటలో ఓ ముక్క విరిచి మావాళ్లు అక్కకి తగిలించేశారు.

ఆ తర్వాత ఆ మాట అర్థం మాకు వాడుకలో బాగా తెలిసొచ్చింది. ఎవరికైనా జ్వరమొచ్చి సెలవడిగితే, "బౌన్సక్కని చూసి నేర్చుకో." నడుం పట్టేసిందంటే, "బౌన్సక్క ఎప్పుడైనా ఇలా అందా?" పైవాళ్లు కిందవాళ్లని అనడానికే ఆ మాట. పంటి నొప్పని ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నప్పుడు మాత్రం మా మేనేజరు మహానుభావుడికి అది గుర్తు రాలేదు. నేను రుసరుసలాడితే అక్క, "పోనీలేవే" అనేది.

అక్క కోడలు కూడా మా దగ్గరే, దిండు గలీబుల బల్ల దగ్గర. పెళ్లైన ఇన్నాళ్లకి కడుపు పండింది. మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఒకే డబ్బాలో తింటూ, అక్క సగానికి పైగా కోడలి వైపు తోసేసి ఆకలి లేదనేది. "మీ అత్తయ్య అబద్ధాలకి అంతూ పొంతూ లేదే" అని నేను ఏడిపించేదాన్ని. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. తల నిండా జుట్టట.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల మేనేజరు దగ్గరికొచ్చింది, నెల రోజులు సెలవడగడానికి. అక్క పక్కనే ఉంది. నన్నెవరూ పిలవలేదు, నేనూ వెళ్లాను.

"పాలు పడుతున్నాయి సార్" అంది పిల్ల. "బట్టలు తడిసిపోతున్నాయి."

మేనేజరు మెత్తగానే మాట్లాడాడు. "గదులన్నీ నిండిపోయి ఉన్నాయమ్మా. అయినా ఇంట్లో కూర్చుంటే ఇంకా కుంగిపోతావు. మీ అత్తయ్యని చూడు, వారంలో లేచి నిలబడింది. మీ రక్తంలోనే ఉంది ఆ బౌన్స్‌బ్యాకబిలిటీ."

కోడలికి అత్త రక్తం ఎలా వస్తుందో ఆ బుర్రకే తెలియాలి. నేను నోరు తెరిచేలోపే అక్క తలెత్తింది.

"నేను లేచి రాలేదు సార్."

"ఏంటమ్మా?"

"ఇంట్లో మాది ఒకటే గది. నేనేడిస్తే మావాడు అన్నం మానేసేవాడు. గట్టిగా ఏడవడానికి నాకు చోటు లేకపోయింది. ఇక్కడ ఆరబెట్టే గదిలో మిషన్లు తిరుగుతుంటే పక్కన మనిషి అరిచినా వినబడదు. అందుకొచ్చాను. రోజూ మధ్యాహ్నం అక్కడ కూర్చుని కడుపారా ఏడ్చి, మొహం కడుక్కుని రోలర్ దగ్గరికొచ్చేదాన్ని. మీరేమో మెచ్చుకుంటుంటే సిగ్గేసి ఊరుకున్నా. ఈ పిల్లకి ఆ మాట అంటగట్టకండి. దీన్ని ఇంట్లో, మంచం మీద పడుకుని ఏడవనివ్వండి సార్. మీకు దణ్ణం పెడతాను."

మేనేజరు పైవాళ్లని అడుగుతానన్నాడు. అడిగాడో లేదో గానీ, కుదరదని కబురొచ్చింది. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారట. వాళ్ల నోట్లో మన్ను పడ!

సోమవారం పిల్ల పనిలోకొచ్చింది. మీటింగులో మేనేజరు ఏదో అనబోయి, అక్క మొహం చూసి మింగేశాడు.

మధ్యాహ్నం గలీబుల దగ్గర పిల్ల కనిపించలేదు. రోలర్ దగ్గర అక్కా లేదు. ఆరబెట్టే గది తలుపుకున్న అద్దంలోంచి చూశాను. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకరినొకరు పట్టుకున్నారు. నోళ్లు తెరుచుకునే ఉన్నాయి, నాకేమీ వినబడలేదు.

అంతలో మిషన్లన్నీ ఒక్కొక్కటే పని అయిపోయి ఆగిపోయాయి. పిల్ల గొంతు బయటికొచ్చింది. బల్లల దగ్గరున్నవాళ్లంతా తలలు తిప్పారు. నేను పరుగున లోపలికెళ్లి, వాళ్ల వైపు చూడకుండా, ఆరిపోయిన తువ్వాళ్లతోనే మిషన్లన్నీ మళ్లీ తిప్పడం మొదలుపెట్టాను.