డిశ్చార్జి టుడే

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి రెండేళ్ళు. మాది మాచర్ల. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత నర్సింగు కోర్సు. పని వచ్చినంత తొందరగా నాకు ఇంగ్లీషు రాలేదు. సూది వెయ్యటానికి ఎప్పుడూ వెనకాడలేదు గానీ, కేస్‌షీట్లో నాలుగు లైన్లు రాయాలంటే భయం వేసేది. అందుకని పాత సిస్టర్లు రాసిన మాటలే చూసి, అవే రాసేదాన్ని. పుండు నుంచి చీము వస్తుంటే ‘పస్’ అని రాయటం మొరటుగా ఉంటుందని, ‘డిశ్చార్జి’ అంటే పద్ధతిగా ఉంటుందని చదువుకునే రోజుల్లో ఎవరో అన్నది నా బుర్రలో ఉండిపోయింది.

పదకొండో మంచం మీద ఉన్నావిడ మాచవరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. అరవై దాటినా చేను పని మానలేదు. పత్తి కట్టె పీకేటప్పుడు మోడు ఒకటి అరికాల్లో దిగింది. షుగరు ఉండటంతో నొప్పి తెలియలేదు. వారం రోజులు పసుపు పెట్టుకుని తిరిగింది. పాదం ఉబ్బి చెప్పు పట్టకపోయేసరికి కోడలు బలవంతాన ఆసుపత్రికి తీసుకొచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆవిడకి ఒకటే ధ్యాస, ఇంటికి పోవాలి. గేదె ఈనే రోజులట.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి కట్టు విప్పాను. ముందురోజు కంటే వాసన ఎక్కువగా ఉంది. చిటికెన వేలి పక్కన నొక్కితే చిక్కగా చీము వచ్చింది. ఆవిడ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది, ఏమీ తెలియనట్టు. పెద్ద డాక్టరుగారు ఆ రోజు గుంటూరు వెళ్ళారు. ఫోన్ చేసి చెప్పాను. “సాయంత్రం వచ్చి చూస్తాను, రేపు ఆపరేషన్ థియేటర్లో కడుగుదాం” అన్నారు. కొత్త కట్టు కట్టి, కేస్‌షీట్లో రాశాను: ‘డ్రెస్సింగ్ డన్. డిశ్చార్జి టుడే. డాక్టర్ ఇన్‌ఫార్మ్‌డ్.’ అంతే. ఇంతలో కాన్పు ఆపరేషనుకి మనిషి తక్కువైందని నన్ను థియేటర్లోకి పిలిచారు.

బయటికి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. వార్డులో ఆయమ్మ పదకొండో మంచం మీద దుప్పటి మారుస్తోంది.

“ఈ పెద్దమ్మ ఏది?”

“ఎళ్ళిపోయారుగా సిస్టర్, పావుగంటయింది. డిశ్చార్జి రాసిచ్చారు.”

డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అతను చేరి పది రోజులు కూడా కాలేదు.

“సార్, పదకొండుని ఎందుకు పంపించారు?”

“అదేంటి సిస్టర్, మీరే రాశారుగా?” అంటూ కేస్‌షీటు నా వైపు తిప్పాడు. “సార్‌తో మీరు మాట్లాడేశారనుకున్నాను. ఆవిడ కూడా పొద్దుట్నుంచి ఇంటికి పంపమని ఒకటే గోల.”

చదివాను. నా అక్షరాలే, గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. ఈరోజు డిశ్చార్జి, డాక్టరుకి చెప్పాం. అతను చదివినట్టే చదివితే ఇంకో అర్థమే కనపడటం లేదు.

“చీము సార్. చీము వస్తోందని రాశాను.”

అతను షీటు మళ్ళీ తన వైపు తిప్పుకుని చదివాడు. కట్టు విప్పి చూశారా అని అడగబోయి ఆగిపోయాను. అప్పుడే కట్టిన కట్టు, ఎందుకు విప్పుతాడు?

షీటు మీదున్న నంబరు ఆవిడ కొడుకుది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. షుగరు మనిషి, నొప్పి తెలియని కాలు. ఇంటికి పోతే ఆ కాలితోనే గొడ్ల కొట్టంలో తిరుగుద్ది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, వచ్చేసరికి ఎంత మిగులుద్దో. ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఒక్క ముక్క చెప్పి, యూనిఫామ్ మీదే ఆటో ఎక్కి బస్టాండుకి పోయాను.

వాళ్ళ ఊరి వైపు పోయే పిడుగురాళ్ళ బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. పైకెక్కి చూస్తే మూడో సీట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఉన్నారు. ఆవిడ కాలు కిందకి వేలాడేసి కూర్చుంది.

“పెద్దమ్మా, దిగండి. కాలు ఇంకా తగ్గలేదు.”

“ఏందమ్మాయ్, డాక్టరే చీటీ రాసిచ్చి పొమ్మన్నాడు. నువ్వేంది మళ్ళీ రమ్మనేది?”

కోడలు నా వైపు తిరిగింది. “బిల్లు కట్టిందాకా తగ్గింది, కట్టినాక తగ్గలేదా?”

వెనక సీట్లోంచి ఎవరో మగాయన, “మంచం ఖాళీ అయ్యిందిగా, అందుకొచ్చుంటది” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కండక్టరు “టైమయింది, దిగేవాళ్ళు దిగండి” అని కేకేశాడు.

“పొరపాటు జరిగిందమ్మా” అన్నాను.

“ఎవురిది పొరపాటు?” అంది కోడలు.

బస్సులో అందరూ నా వైపే చూస్తున్నారు. ఆసుపత్రి పేరు నా యూనిఫామ్ మీదే ఉంది.

“నాది” అన్నాను. “చీము కారుతోందని ఇంగ్లీషులో రాశాను. ఆ మాటకే ఇంటికి పంపించటం అని కూడా అర్థం ఉంది. కొత్త డాక్టరు అలా అనుకున్నారు. నేను రాసిన మాట వల్లే మిమ్మల్ని పంపించారు.”

“చీము అని రాయటానికి నీకు చేతులు రాలేదా?”

వంగి ఆవిడ పాదం కొంచెం పైకెత్తి చూపించాను. పొద్దున కట్టిన తెల్లటి కట్టు మీద అప్పటికే పచ్చటి తడి, రూపాయి బిళ్ళంత. కోడలు దాన్ని చూసింది, అత్త మొహం చూసింది.

“అత్తా, లెగు.”

“గేదె సంగతేందే?”

“గేదెని నేను చూసుకుంటాగానీ, ముందు లెగు.”

కండక్టరే ఒక చెయ్యి పట్టి దించాడు. ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి వచ్చాం.

ఆవిడని మళ్ళీ మంచం మీద పడుకోబెట్టాక, ఇన్‌ఛార్జి సిస్టర్ నన్ను మందుల గదిలోకి పిలిచి కేస్‌షీటు చేతిలో పెట్టింది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి, నా మేలు కోరే మనిషి. “‘డిశ్చార్జి’ అన్న మాటకి ముందు ‘పస్’ అని చిన్నగా రాసెయ్. మూడక్షరాలే కదా, చోటు కూడా ఉంది. సార్ వచ్చేలోపు రాస్తే ఎవరికి తెలిసిద్ది? నీ ఉద్యోగం ఉంటది.”

నిజంగానే చోటుంది. అక్కడ ఆ మూడక్షరాలు పడితే తప్పు మొత్తం ఆ కొత్త డాక్టరుది అవుతుంది. సరిగ్గా చదవలేదనుకుంటారు. పెన్ను తీశాను. మొదటి అక్షరం రాశాను కూడా. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రాశాక చెయ్యి ముందుకి పోలేదు. అప్పుడే గుమ్మం ముందు నుంచి అతను పోతూ కనపడ్డాడు. చేతిలో ఫోను, మాటిమాటికీ మొహం తుడుచుకుంటున్నాడు. నాకంటే చిన్నవాడు.

ఆ అక్షరం మీద ఒక గీత కొట్టాను. కింద కొత్త లైనులో, పేషెంటుని తొమ్మిదింటికి చూసినప్పుడు గాయంలో చీము ఉందని, నేను రాసిన మాట వల్ల పొరపాటున ఇంటికి పంపారని, ఒంటిగంట దాటాక తిరిగి తీసుకొచ్చామని రాసి, టైము వేసి సంతకం పెట్టాను. ఇంగ్లీషు తప్పులుండే ఉంటాయి. ఇన్‌ఛార్జి సిస్టర్ అది చదివి, “నీ ఇష్టం” అని షీటు లోపల పెట్టేసింది.

పెద్ద డాక్టరుగారు నాలుగింటికల్లా వచ్చేశారు. రేపటిదాకా ఆగకుండా అప్పుడే థియేటర్లోకి తీసుకెళ్ళారు. చీము చర్మం కింద మడమ దాకా పాకింది. చిటికెన వేలు తీసేశారు. పాదం నిలిచింది. తర్వాత మా ఇద్దర్నీ గదికి పిలిచి షీటు ముందు పెట్టుకున్నారు. నేను నోరు తెరిచేలోపే డ్యూటీ డాక్టరు, “పంపించే ముందు నేను కట్టు విప్పి చూడాల్సింది సార్” అన్నాడు. ఆయన ఇద్దరికీ మెమోలు ఇచ్చారు. నన్ను నెల రోజులు వార్డు నుంచి తీసేసి ఓపీలో కూర్చోబెట్టారు.

ఆ నెలలో ఒక డిక్షనరీ కొనుక్కున్నాను. ఆ ఒక్క మాటకి అరపేజీ అర్థాలున్నాయి. తుపాకి పేలటం, బ్యాటరీ దిగిపోవటం, కోర్టులో ముద్దాయిని వదిలెయ్యటం, డ్యూటీ నెరవేర్చటం. నాకు కావలసిన అర్థం కిందెక్కడో ఉంది. ఇప్పుడు చీముని ‘చీము’ అనే రాస్తున్నాను, ఇంగ్లీషులో మూడక్షరాలు. ఎంత, ఏ రంగు, ఎక్కడి నుంచి అన్నది కూడా రాస్తాను.

వేలు గురించి పెద్ద డాక్టరుగారిని ఒకసారి అడిగాను, ఆవిడ ఆ రోజు బస్టాండు దాకా పోకపోతే అది ఉండేదా అని. “చెప్పలేం. అది ముందే పోయి ఉండొచ్చు” అన్నారు.

పెద్దమ్మ నెల తర్వాత ఓపీకి వచ్చింది. గేదె ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని నన్ను పిలిచి మరీ చెప్పింది. కోడలు మాత్రం చీటీ నా బల్ల మీద పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడింది. నేను క్షమించమని అడిగాను.

“మా అత్తకి వేలు పోయింది. నీకు మెమో కాయితం ఇచ్చారంట” అంది. తర్వాత అత్త వైపు చూసి, “కట్టు నువ్వే కట్టు. ఇంకొకళ్ళయితే ఈవిడ కాలు ఇయ్యట్లా” అంది.

కుర్చీ దగ్గరకి లాక్కుని, ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకున్నాను.