కాచని డప్పు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ కక్కుతున్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక్కటి ముందే చెబుతాను. నా మీద జాలిపడకండి. నన్ను క్షమించే హక్కు మీకు లేదు, అడిగే ఉద్దేశం నాకూ లేదు.

నేను గోదావరి ఒడ్డున, గన్నవరం దాపున ఒక ఊరికి కరణాన్ని. మా రేవుకు ఎదురుగా, పాయకు అవతల, గోదావరి మేటవేసిన లంక ఒకటుంది. అది సర్కారు నేల. రెల్లు తప్ప మరేమీ మొలవని ఆ లంకను ఊరి వెలుపలి పేటకు చెందిన సత్తెయ్య, అతని భార్య నాలుగేళ్లు నరికి, తవ్వి, గట్టు వేసి సాగుకు తెచ్చారు. అక్కడే పాక వేసుకున్నారు. పట్టా మాత్రం లేదు.

ఆనకట్ట కట్టాక మా వైపు నేలకు గిరాకీ పెరిగింది. లంకను ఎవరికి సాగుకివ్వాలో తేల్చమని తాసీల్దారు గారికి పైనుంచి తాఖీదు వచ్చింది. పద్ధతి చక్కనిదే. ఊళ్లోనూ రేవులోనూ దండోరా వేయాలి. మూడో రోజున, కావాలన్నవాళ్లు చావిడికి రావాలి. నేల బాగుచేసినవాడుంటే ముందు అతని మాట వినాలి. దరఖాస్తు పెట్టుకున్నా సరే, ఆ రోజు మనిషి ఎదుట లేకపోతే అది చెల్లదు.

దండోరాకు వారం ముందు సత్తెయ్య మా అరుగు కిందికి వచ్చాడు. రెండు చేతులతో ఒక కాగితం పట్టుకుని ఉన్నాడు.

"దరఖాస్తండి. తమరికెందుకండీ శ్రమ అని మిషను దొరగారి చేత రాయించేనండి. తమరు పైకి పంపితే చాలండి."

ఎంత మర్యాదగా అన్నాడు! ఆ మర్యాదే నన్ను కాల్చింది. మా తాతగారి నాటి నుంచి ఈ ఊళ్లో కాగితం మీద అక్షరం పడాలంటే మా ఇంటి కలమే కదలాలి. పేట మనిషికి నా కలంతో పని లేకుండా పోయిందా? అదే నా మనసులో పడ్డ మొదటి మాట. లంక గురించి కాదు, అతని నాలుగేళ్ల చాకిరీ గురించి కాదు. నా కలం గురించి! దరఖాస్తు పైకి పంపాను. అంతవరకు నిజాయితీపరుణ్ణే.

దండోరా వేసే రోజు పొద్దున్నే మంచు దట్టంగా కురిసింది. కోతల రోజులు కావడంతో పేట మొత్తం చేలల్లోనే ఉంది. ఊరి వెట్టివాడు పెంటయ్య ఊళ్లో దండోరా ముగించి, డప్పు భుజాన వేసుకుని రేవుకు వచ్చాడు. మంచు పట్టిన చర్మం సడలిపోతుంది. గడ్డిమంట మీద కాచి కొడితే ఆ మోత పాయ దాటి లంక మీదికి పోతుంది. కాచకపోతే గట్టు దిగదు. పెంటయ్య గడ్డి పోగుచేసి చెకుముకి తీశాడు.

"కాచక్కర్లేదు, కొట్టు," అన్నాను.

"లంకలోకి వినపడదండి."

"వినపడాలని తాఖీదులో ఉందా? కొట్టమని ఉంది. కొట్టు."

వాడు నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "ఆయ్," అన్నాడు. కొట్టాడు. తడిగోడను తట్టినట్టు డబ్ డబ్ మని నాలుగు దెబ్బలు.

మూడో రోజు చావిడిలో మా ఊరి మునసబు గారు ఒక్కరే నిలబడ్డారు. లంక ఆయనదైంది. ఆయన నన్ను ఏమీ అడగలేదు సుమా, కంటిసైగైనా చెయ్యలేదు. నేను పొగాకు కాడ కూడా పుచ్చుకోలేదు. పుచ్చుకుని ఉంటే ఆశపడ్డానని చెప్పుకునేవాణ్ణి. ఆ సాకు కూడా నాకు లేదు.

"దండోరా వినపళ్లేదండీ కరణం గారూ," అన్నాడు సత్తెయ్య, సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చి. "వేశారయ్యా, కాగితం మీద ఉంది," అన్నాను. ఉంది కూడా. "రేవులో దండోరా వేయించడమైనది" అని నా చేతిరాతే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను జన్మలో రాయలేదు.

తర్వాత గోదావరి ఆ లంకను కోసేసి ఉంటుందని, నాకేదో శాస్తి జరిగి ఉంటుందని చూస్తున్నారేమో. ఏమీ జరగలేదు. పొగాకు ఏపుగా పండింది. నేను సుఖంగానే ఉన్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. గాడిద గుడ్డు! సత్తెయ్య చేసుకున్నది మునసబుకు దక్కింది. తాను వేసిన గట్టు మీదే సత్తెయ్య ఈనాటికీ కూలికి పోతున్నాడు. రేవులో ఎదురైతే "దణ్ణాలండి" అంటాడు. దండోరా మాట మళ్లీ ఎత్తలేదు. అతనికి తెలుసా? పెంటయ్య చెప్పాడా? పన్నెండేళ్లుగా ఆ దణ్ణానికి బదులు చెప్పకుండా తల తిప్పుకుని పోతున్నాను.

ఇక తిప్పుకోను. కడుపుమంటతో, తెలిసి తెలిసి, డప్పు కాచనివ్వలేదు. సత్తెయ్యకు వినపడకూడదనే కొట్టించాను. పేటలో ఇప్పుడు చదువు వచ్చినవాళ్లున్నారు, ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసమని మొదలుపెట్టిన ఈ కాగితాన్ని అక్కడికే పంపుతున్నాను. కింద పేరు రాయడం లేదు. మా ఊరికి కరణం ఒక్కడే.