కారణం రాయాల్సిన గడి

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు సుప్రీంకోర్టు తీర్పొకటి కంఠతా వచ్చేది. మొత్తం కాదు, అందులో ఒక్క ముక్క: రిజర్వేషన్లు యాభై శాతం దాటకూడదు. ఇంజనీరింగ్ సీటు రాని ఏడాది ఇరానీ హోటల్లో టీ తాగిన ప్రతిసారీ ఆ ముక్క అప్పజెప్పేవాణ్ణి. అదే తీర్పు వెనకబడిన కులాలకు రిజర్వేషన్ ఇవ్వడం సబబేనని కూడా చెప్పిందట. నాకు కావాల్సింది దొరికాక మిగతాది చదివే ఓపిక లేకపోయింది.

నా ర్యాంకెంతో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెళ్ళయ్యాక సర్టిఫికెట్లు సర్దుతూ మా ఆవిడ చూసేసింది. "రిజర్వేషన్లన్నీ తీసేసినా ఈ ర్యాంకుకి నీకు సీటొచ్చేది కాదు గదా!" అంది. పాపం, ఆమెకు రాజ్యాంగం తెలియదని సరిపెట్టుకుని ఆ కాగితం లోపల పెట్టేశాను.

వెల్లింగ్టన్ వచ్చాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. పన్నెండేళ్ళ అనుభవం ఉందని రాస్తే, న్యూజిలాండ్ అనుభవం లేదన్నారు. ఇక్కడ ఉద్యోగం ఇవ్వకుండా ఇక్కడి అనుభవం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. ఒక రిక్రూటర్ ఫోన్లో నా పేరు మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ మధ్యలో వదిలేసి, మళ్ళీ చేస్తానంది. చేయలేదు. నా రక్తం ఉడికిపోయింది. పేరు చూసి మనిషిని పక్కన పెడతారా? ఎంత అనాగరికం! సమానత్వం మీద ఆరోజు నేను చేసిన ప్రసంగం మా ఆవిడ కూర తరగడం మొదలుపెట్టినప్పటి నుంచి అన్నం వార్చేదాకా సాగింది.

చివరికి ఒక ప్రభుత్వ శాఖలో చోటు దొరికింది. వలస వచ్చిన ప్రొఫెషనల్స్ కోసమే విడిగా పెట్టిన ఆరునెలల పోస్టు అది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు దానికి అప్లై చేయకూడదు. వెనకబడినవాళ్ళని అందరి సరసన నిలబెట్టడానికి చేసేది వివక్ష కిందికి రాదని ఇక్కడి చట్టంలోనే ఉందట. ఎంత గొప్ప చట్టమో అనుకున్నాను. దాన్ని నేను రిజర్వేషన్ అనలేదు, ఆపర్చునిటీ అన్నాను. పోస్టు పర్మనెంట్ అయ్యాక మెరిట్ అన్నాను.

ఆ తర్వాత ఎస్సీలను వర్గాలుగా విభజించవచ్చని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు వారం రోజులు నిద్రపోలేదు. ఆ తీర్పుతో బతుకు మారే మనిషి ఆ గ్రూపులో ఒక్కడూ లేడు. అయినా అందరం జడ్జిలమే. నేను కూడా పెద్ద మెసేజ్ ఒకటి పెట్టాను, పదిహేను బొటనవేళ్ళు వచ్చాయి.

కిందటేడు మా టీమ్‌లో అనలిస్ట్ పోస్టు ఒకటి పడింది. ఇంటర్వ్యూ ప్యానెల్లో మా మేనేజరు, హెచ్ఆర్ ఆవిడ, మూడో మనిషిగా నేను. ప్యానెల్లో అందరూ ఒకేలా కనబడకూడదట, అందుకని నన్ను వేశారు. ముందురోజు అరపూట ట్రైనింగ్ ఇచ్చారు. పేరు చూసి ఎవరినీ తీసేయకుండా అప్లికేషన్లలో ఇంటిపేర్లు కొట్టేశారు. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి. ప్రతి మార్కు పక్కనా ఉన్న గడిలో కారణం రాయాలి.

"రేపు ఎవరైనా కేసు వేస్తే, తీర్పు చెప్పేవాళ్ళు మీ మనసులోకి చూడలేరు. ఈ గడిలోకి చూస్తారు. ఇంతకుముందు వచ్చిన తీర్పులు మాకు నేర్పింది అదే," అంది హెచ్ఆర్ ఆవిడ. నేను పెద్దమనిషిలా తలూపాను. తీర్పులు నాకేం కొత్తా!

చివరి క్యాండిడేటు మన తెలుగమ్మాయి. ఆక్లాండ్‌లో మాస్టర్స్ చేసి, అక్కడి శివారు మనురేవాలో ఇంకో నలుగురితో ఫ్లాట్‌లో ఉంటూ, వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతోంది. వీసా ఇంకో తొమ్మిది వారాలే ఉందని, ఈ ఉద్యోగం రాకపోతే తిరిగి వెళ్ళిపోవాల్సిందేనని హెచ్ఆర్ ఆవిడ ముందే చెప్పింది. రిసెప్షన్ నుంచి ఆమెను పైకి తీసుకురావడం నా పని. ఆక్లాండ్ నుంచి పొద్దున్న ఫ్లైట్‌కి వచ్చింది. ఫోల్డరు గుండెకి హత్తుకుని, లిఫ్ట్ ముందు బిగుసుకుపోయి నిలబడింది. ధైర్యం చెబుదామని తెలుగులో పలకరించాను.

"ఏ ఊరమ్మా మీది?"

"నల్లగొండ దిక్కు సార్."

"అచ్ఛా. ఇంటిపేరు?"

ఒక క్షణం ఆగి చెప్పింది.

"నాన్న ఏం చేస్తరు?"

"వెల్ఫేర్ హాస్టల్ల వంట చేస్తడు సార్. నేను గూడ గురుకులంలనే చదివిన."

ఇంకేం అడగనక్కర్లేకపోయింది. మనం ఎవరినీ కులం అడగం, అది మర్యాద కాదు. ఊరూ, ఇంటిపేరూ, నాన్న పనీ అడిగి ఊరుకుంటాం. ఆఫీసు అంత జాగ్రత్తగా కొట్టేసిన ఇంటిపేరుని నేను లిఫ్ట్ వచ్చేలోపే రాబట్టేశాను.

ఇంటర్వ్యూ బాగా చేసింది. వేర్‌హౌస్‌లో లారీలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో ఎవరూ చెప్పకుండానే డేటా పట్టుకుని తేల్చిన సంగతి చెబుతుంటే మా మేనేజరు పెన్ను కింద పెట్టి విన్నాడు. నేను మాత్రం కమ్యూనికేషన్ దగ్గర ఐదుకి రెండు వేశాను. ఆలోచించి వేసింది కాదు. చెయ్యి అలవాటుగా వెళ్ళింది.

మార్కులు కలిపేటప్పుడు మేనేజరు ఆగాడు. కమ్యూనికేషన్‌కి వాళ్ళిద్దరూ ఐదేసి వేశారు.

"మీ గడి ఖాళీగా ఉంది. మేం గమనించనిది మీరేమైనా గమనించారా?" అని మామూలుగానే అడిగాడు.

పెన్ను తీశాను. యాస అని రాద్దామంటే నా యాస ఆమెకన్నా ఘనం. తడబడిందని రాద్దామంటే ఎక్కడా తడబడలేదు. లోకల్ అనుభవం తక్కువ అని మొదలుపెట్టి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. నా పేరు మధ్యలో వదిలేసిన ఆ రిక్రూటర్ గుర్తొచ్చింది. కారణం నాకు తెలుసు. కింద లిఫ్ట్ దగ్గర విన్నాను. దాన్ని ఆ గడిలో ఏ భాషలోనూ రాయలేను. సిగ్గేసింది.

"పొరపాటున పడింది," అని రెండు కొట్టేసి ఐదు వేశాను. పక్కన 'స్పష్టంగా మాట్లాడింది' అని రాశాను. రెండో స్థానంలో ఉన్న అబ్బాయి కన్నా ఆమెకు సరిగ్గా రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి. నా రెండు అలాగే ఉండి ఉంటే ఆ ఉద్యోగం అతనిది.

ఇంటికొచ్చి మా ఆవిడకి మన తెలుగమ్మాయిని సెలెక్ట్ చేశామని మాత్రం చెప్పాను. అదీ నేనే చేసినట్టు చెప్పాను.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం అదే లిఫ్ట్ దగ్గర కలిసింది. నా నోరు ఊరుకోదు.

"ప్యానెల్ల నేనున్న గదమ్మా. మనోళ్ళని మనం జర చూసుకోవాలె."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా ఏం లేదు.

"థాంక్యూ సార్. ఇంటిపేరు చెప్పంగనే అయిపోయిందనుకున్న. వాపస్ పోయేటప్పుడు ఫ్లైట్‌ల మొత్తం ఏడ్చిన."

నేను లిఫ్ట్ బటన్ నొక్కాను. అది అప్పటికే వెలుగుతోంది.