కారుకు లేని తోక

వీధిలో అందరికీ ఆయన బస్సు మామయ్య. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరినీ గుద్దలేదు, ఎవరిచేతా గుద్దించుకోలేదు. ఈ సంగతి అడగనివాళ్ళకు కూడా చెబుతాడు. కూతురు కొత్త కారు కొని, పగటిపూట తాళం తండ్రి చేతిలో పెట్టింది. మనవరాలిని బడి దగ్గర దింపడం, భార్యను మోకాళ్ళ వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆయన పని. ఆయన మాత్రం డ్యూటీ అంటాడు.

ఆ కారుకు నోరెక్కువ. రోడ్డు మీద గీత దాటితే కీచుమంటుంది. డ్రైవరు చూపు పక్కకు పోతే పసుపు దీపం వెలిగించి, రోడ్డును గమనించండి అంటుంది. ఈయన ఎక్కింది మొదలు దిగేదాకా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

“తప్పు బండిదే,” అనేవాడు ఆయన. “ఇది పుట్టకముందు నుంచీ నేను రోడ్డు మీదున్నాను.”

కూతురు ఒకరోజు పక్కన కూర్చుని వెళ్ళి, దిగగానే తేల్చేసింది. “నాన్నా, ఆదివారం మళ్ళీ నీతో వస్తాను. అప్పుడూ ఇలాగే అరిస్తే తాళం ఇచ్చెయ్. డ్రైవర్ని పెట్టుకుందాం.”

ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. డ్రైవరున్న ఇంట్లో ఇంకో డ్రైవరు!

మర్నాడే భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్ స్కానరు తగిలించాడు. లోపమేదీ చూపించలేదు. ముందద్దం పైన కెమెరా ఎదురుగా ఉన్న గాజు తుడిచాడు. బంపరులోని రాడార్ మీద ఎండిన బురద కడిగాడు. చక్రాల అలైన్‌మెంటు చూశాడు, టైర్లలో గాలి చూశాడు.

“బండి బంగారంలా ఉంది మామయ్యా. పదండి, ఓ రౌండు కొట్టొద్దాం.”

మొదటి మలుపులోనే కారు కీచుమంది.

“ఎడమకి తిరగాలి కదా, ముందు కుడికెందుకు లాగారు?” అన్నాడు మెకానిక్.

“లాగకపోతే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కదూ?”

మెకానిక్ మెడ తిప్పి చూశాడు. వెనక సీట్లో ఆవిడ, ఆవిడ వెనక డిక్కీ. అక్కడితో కారు అయిపోయింది.

“వెనక ఇంకేం లేదు మామయ్యా. ఆ పొడుగు తోక బస్సుకే.”

ఇంతలో పసుపు దీపం వెలిగింది.

“వెనక సీట్లు కనిపించే ఆ అద్దంలో ఎవరికోసం అన్నిసార్లు చూస్తారు?”

“ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉంటారు కదయ్యా.”

“ఎక్కింది నేనొక్కదాన్నే,” అంది భార్య. “ఇల్లొచ్చేదాకా దిగను. టికెట్టు తీసుకోమనలేదు, అదే నయం.”

షెడ్డుకు తిరిగొచ్చాక మెకానిక్ గొంతు తగ్గించాడు. “దీనికో సెట్టింగుంది. రెండు అలారాలూ ఆపేస్తాను. అమ్మాయిగారికి తెలీను కూడా తెలీదు.”

“ఆపెయ్ బాబూ, చెవులకి సుఖం,” అంది భార్య.

ఒక్క మీట నొక్కితే తాళం తనదే.

“వద్దులే,” అన్నాడు ఆయన. “పిల్ల ఎక్కే బండి.”

ఆ వారమంతా మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో సాధన. అద్దంలో చూడ్డానికి ఎవరూ లేకుండా భార్య ముందు సీట్లోకి మారింది. అక్కడ గీతలు లేవు కనక కారు నోరు మూసుకుంది. ఆ లోటు ఆవిడ తీర్చింది. ఆయన కుడికి లాగబోయినప్పుడల్లా మోచేతి మీద ఒకటి వేసేది.

“తోక లేదు.”

“తెలుసే.”

“మీకు తెలిస్తే చాలదు, చేతికి తెలియాలి.”

ఆదివారం కూతురు ముందు కూర్చుంది, భార్య వెనక. బడి రోడ్డు, ఆసుపత్రి రోడ్డు, పెద్ద వంతెన అన్నీ దాటినా కారు కిక్కురుమనలేదు. ఇంటి ముందు ఎడమ మలుపు ఒక్కటే మిగిలింది. ఎదురుగా ఒక సిటీ బస్సు వచ్చింది. దాన్ని చూసి చెయ్యి ఏమనుకుందో, కుడికి పోయింది. కారు కీచుమంది.

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. తాళం కూతురి ముందు పెట్టాడు.

“బండిది కాదమ్మా, తప్పు నాది. చెయ్యి పాత అలవాటులో పోయింది.”

కూతురు తాళం వైపు చూసింది గాని తీసుకోలేదు. “దారి మొత్తంలో ఒక్కసారే కదా నాన్నా. నా మీదా అరుస్తుంది, నీకు చెప్పలేదంతే. బండి పోనివ్వు, ఆకలేస్తోంది.”

“తప్పు నాది అన్నారా?” అంది వెనక నుంచి భార్య. “ఇన్నేళ్ళ కాపురంలో నేను వినని మాట. కారు దగ్గర మాత్రం ఒప్పుకున్నారు.”

“బండి కదలాలా వద్దా?” అన్నాడు ఆయన.