సోమవారం కొట్టిన శనివారం ముద్ర

తొంభైల చివర్లో నేను విజయవాడలో ఒక చిన్న పోస్టాఫీసులో కౌంటర్ గుమస్తాని. ఆ ఏడు భవానీపురంలో ఓ ఇళ్ల స్థలాల సంఘానికి ఎన్నిక జరిగింది. సభ్యులు తలోచోటా ఉండడంతో ఓట్లు పోస్టులో పంపమన్నారు. కవరు ఎప్పుడు చేరినా సరే, దాని మీద శనివారం లోపు తేదీ ముద్ర ఉంటే లెక్కపెట్టాలని నియమం. అధ్యక్ష పదవికి నిలబడ్డ ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆలస్యంగా వచ్చిన తొమ్మిది కవర్లలో ఓట్లన్నీ గెలిచినాయనకే పడ్డాయి; ఆ కవర్ల మీద ముద్రలు దొంగవని ఆవిడ కోర్టుకెక్కారు. ఆ తొమ్మిదీ మా ఆఫీసు ముద్రలే.

సాక్ష్యానికి నన్ను పిలిచారు. ముద్రలు అసలువేనని చెప్పి మధ్యాహ్నానికల్లా డ్యూటీకి వెళ్లిపోదామనుకున్నాను.

టీచరమ్మ లాయరు కవరు చూపించారు. "ఈ ముద్ర మీదేనా మేడమ్?"

"మాదేనండీ. నేనే కొట్టాను."

"ఏ రోజు?"

"శనివారమండీ. కనపడతానే ఉందిగా."

ఆయన మా ఆఫీసు ముద్రల పుస్తకం తెరిచారు. రోజూ పొద్దున్నే తేదీ మార్చి, మొదటి ముద్ర అందులో కొట్టి, కింద సంతకం పెట్టాలి. ఆదివారం సెలవు. సోమవారం పేజీలో ఉన్న ముద్ర శనివారానిది. కింద సంతకం నాది.

సంతకం నాది కాదేమోనని మళ్లీ మళ్లీ చూశాను. ఆ సోమవారమంతా తేదీ మార్చకుండానే కొట్టాను, చూడకుండా సంతకం కూడా పెట్టేశాను. అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"సోమవారం పొద్దున ఎవరో ఆ సంఘం కవర్లు కట్టగా తెచ్చిచ్చారండీ. ఎన్ని ఉన్నాయో నేను చూడలేదు."

టీచరమ్మ నోరు తెరిచి నా వంకే చూస్తున్నారు.

ఆ ముద్రలు నమ్మలేమని తొమ్మిది ఓట్లూ కొట్టేశారు. ఆవిడ గెలిచారు. నాకు మెమో వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను.

నెల తర్వాత కౌంటర్ దగ్గరికి ఓ పెద్దాయన వచ్చారు. కోపం లేకుండానే అడిగారు.

"నేను శనివారం మధ్యాహ్నమే పోస్టు డబ్బాలో వేశానమ్మా. నా ఓటూ కొట్టేశారట, ఎందుకని?"

ఆ తొమ్మిదిలో నిజంగా శనివారం వేసినవి ఉంటాయన్న ఆలోచనే నాకు అప్పటిదాకా రాలేదు. ఆయన రెండు ఇన్‌లాండ్ లెటర్లు తీసుకుని వెళ్లిపోయారు. లైన్లో వెనకున్నావిడ పిలిచేదాకా నేను కదల్లేదు.